భుజం మీది శవం

కథలో శవం నవ్వించేది చచ్చినందుకు కాదు, చచ్చాక కూడా బతికున్నవాళ్లకు పని పురమాయిస్తున్నందుకు. ఈ ఎత్తుగడకు మనకు తెలిసిన తొలి నమూనా బేతాళ కథలే. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో రాజు పేరు త్రివిక్రమసేనుడు. క్షాంతిశీలుడనే భిక్షువు ఏళ్ల తరబడి రోజూ ఒక పండు తెచ్చిస్తాడు. ఒకనాడు కోతి కొరికితే గానీ లోపల రత్నముందని ఏలినవారికి తెలియదు. ఆ మొహమాటానికి శ్మశానానికి వెళ్లి, చెట్టుకు వేలాడే, బేతాళుడు ఆవహించిన శవాన్ని భుజాన వేసుకోవాల్సి వస్తుంది. నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది; జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. కత్తి పట్టిన మహారాజు నోరు కట్టుకుని నడుస్తుంటే శవం తీరిగ్గా కథలు చెబుతుంది. హాస్యమంతా ఆ తలకిందుల్లోనే ఉంది.

కాశ్మీరు సరుకులో మనదేముందని అడగొచ్చు. సోమదేవుడు తన మూలం గుణాఢ్యుడి బృహత్కథ అని చెప్పుకున్నాడు. పైశాచీ భాషలోని ఆ పుస్తకం పోయింది, గుణాఢ్యుడు సాతవాహన కొలువులో ఉండేవాడన్న ఐతిహ్యం మిగిలింది. బేతాళ కథలు అందులో మొదటినుంచీ ఉన్నాయా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా ఈ కథల్లో రాజు ఏలేది గోదావరి ఒడ్డు ప్రతిష్ఠానాన్ని. 2025లో పరిశ్రమ పేలుడు జరిగిన పాశమైలారం ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, కొండాపూర్ దిబ్బల్లో 1940లలో తవ్వితే సాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. నాణెం దొరికినచోటే కథ పుట్టిందనడం అతి. ఆ రాజుల లోకం ఈ నేలకు పరాయిది కాదనడం మాత్రం సబబు. ఇక 1947 జులైలో మొదలైన చందమామ, పాత కథలు అయిపోయినా శవాన్ని దించలేదు. కొత్తవి అల్లి దశాబ్దాలపాటు దాని నోట పలికించింది. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే రాజును ఆ పత్రిక చిత్రకారుడు శంకర్ బొమ్మలోనే మనం గుర్తుపడతాం.

వెయ్యిన్నొక్క రాత్రుల్లోని గూనివాడి కథలో శవం మాట్లాడదు. గొంతులో చేపముల్లు అడ్డుపడ్డ గూనివాణ్ణి దర్జీ వైద్యుడి గుమ్మంలో వదిలేస్తాడు. అక్కణ్ణుంచి ఆ శవం చేతులు మారుతూ, ప్రతివాడికీ నేనే చంపానన్న భయం అంటిస్తుంది. 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’లో కొమురయ్య పోయాక పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఆ ముద్ద చుట్టూ బయటపడేది ఎన్నడో నల్లిబొక్క కోసం బావా బామ్మర్దులు పడ్డ పంచాయితీ. అక్కడ ముల్లు, ఇక్కడ బొక్క! నవ్వు పడేది పోయినవాడి మీద కాదు, ఉన్నవాళ్ల పంతాల మీద.

ఇదంతా చావును చులకన చేయడమేనని, అందులోనూ పాశమైలారం పేరెత్తి చెప్పడం తగదని అభ్యంతరం రావొచ్చు. 2025 జూన్ 30న అక్కడి పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా పోయారు, చాలామంది బతుకుదెరువుకు వచ్చిన వలస కార్మికులు. ఎవరి దేహమేదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు కావలసి వచ్చాయి. అభ్యంతరం బలమైనదే. భుజాన వేసుకోవడానికి ఒక దేహం, అది ఎవరిదో తెలియడం ఈ హాస్యానికి కనీస పెట్టుబడి. అవి లేనిచోట దానికి చోటులేదు. కానీ బేతాళుడి దగ్గర నవ్వుతోపాటు ప్రశ్న కూడా ఉంది. గద్ద కాళ్లలో చిక్కిన పాము విషం అన్నంలో పడి, తిన్నవాడు చనిపోతే పాపం ఎవరిదని అడుగుతాడు. పాము నిస్సహాయమైనది, గద్దకు ఆకలి, పెట్టినవాళ్లకు తెలియదు, ఆలోచించకుండా వాళ్లను నిందించినవాడిదే పాపమని రాజు తీర్పు. కార్ఖానా చావులకు ఈ తీర్పు చెల్లదు: యంత్రానికి కొలతలుంటాయి, తనిఖీకి తేదీలుంటాయి, కాగితం మీద సంతకాలుంటాయి.