కరుణకూ సహపంక్తికీ మధ్య

తెలుగుదేశంలో క్రైస్తవ మిషనుల చరిత్రను గురించి మనలో రెండు అభిప్రాయాలు బలంగా నాటుకొని వున్నాయి. మొదటిది మిషనరీల జీవితచరిత్రలు చెప్పేది: దూరదేశాల నుంచి కరుణామయులు వచ్చారు, చీకటిలో వున్న పేదలను వుద్ధరించారు. రెండవది పట్టణాలలోని విద్యావంతులు చెప్పేది: కరవురోజుల్లో గంజి పోశారు, ఆకలిగొన్నవాడు గంజితో పాటు మతమూ పుచ్చుకొన్నాడు. ఈ రెండు వాదాలూ పైకి బద్ధశత్రువులు. కాని రెంటికీ పునాది ఒక్కటే. రెంటిలోనూ ఇచ్చేవాడే కథానాయకుడు. పుచ్చుకొన్నవాడికి నోరు లేదు, బుద్ధి లేదు, తనదంటూ ఒక నిర్ణయం లేదు. అభ్యుదయ దృష్టితో చరిత్ర చూడవలసిన మనం ఈ రెంటినీ పక్కన పెట్టి, అసలు జరిగినదేమిటో పరిశీలించవలసి వుంది.

పరిశీలనకు కొలమానం బయట వెతకనక్కరలేదు. సువార్తలలోనే వుంది. ఏసుమీద ఆనాటి పెద్దలు పదే పదే మోపిన నేరం ఆయన పేదలకు దానం చేశాడని కాదు. దానం చేస్తే ఎవరూ కాదనరు. దానం ప్రతి మతంలోనూ పుణ్యకార్యమే. సుంకరులతోనూ, పాపులతోనూ ఒకే బల్ల దగ్గర కూర్చొని తిన్నాడన్నది ఆ నేరం. ఎవరు ఎవరి చేతి నీళ్లు తాగవచ్చు, ఎవరి పక్కన కూర్చొని తినవచ్చు అన్న ప్రశ్న మీదనే నిలబడిన మన సమాజంలోకి ఈ కథ వచ్చి పడింది. కనుక తెలుగునాట క్రైస్తవ కరుణకు పరీక్ష ఆస్పత్రి గదిలోనో, గంజికేంద్రంలోనో పూర్తి కాలేదు. బావి దగ్గర, బడి బల్ల మీద, పెళ్లి పంక్తిలో అది మిగిలే వుంది.

మొదట బందరు సంగతి చూద్దాం. ఆంగ్లికన్ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో బందరు చేరాడు. 1843లో పాఠశాల తెరిచాడు. 1865లో మరణించేవరకు ఒక్కసారైనా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. ఆయన త్యాగాన్ని శంకించవలసిన పని లేదు. కాని ఆయన పాఠశాలలో మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. పై కులాలవారు మారితే కింది కులాలవారు తమంత తామే వెంట వస్తారన్నది ఆ పద్ధతికి ఆధారం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకొనేసరికి బడి చాలావరకు ఖాళీ అయింది. అంటే ఎవరిని నిలుపుకోవడానికి దళితుల పిల్లలకు తలుపు మూశారో, వారు సమయం వచ్చినప్పుడు నిలవలేదు. పై నుంచి కిందికి ధర్మం దానంతట అదే ప్రవహిస్తుందన్న సిద్ధాంతం ఆ విధంగా బందరులోనే బలహీనపడింది. అదే కృష్ణా తీరంలో, 1859లో, రాఘవాపురం మాల పెద్ద వెంకయ్య తనంత తానుగా బెజవాడ వచ్చి డార్లింగ్ అనే మిషనరీని కలిసికొన్నాడు. మిషను వెతకని చోటునుంచి మనుషులు మిషనును వెతుక్కొంటూ వచ్చారు.

ఒంగోలులో ఈ వైరుధ్యం మరింత బాహాటంగా బయటపడింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది. అదే నెలలో పడమటి పల్లె తాళ్లకొండపాడులో 28 మంది మాదిగలు బాప్తిస్మం పుచ్చుకొన్నారు. వారిని కూడగట్టినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. క్లౌ రాకముందే రాజయోగ గురువులను ఆశ్రయించి, ఊళ్లు తిరిగి, దేవుడెవరన్న ప్రశ్నను మోసుకొని నడిచినవాడు. ఆయనది అజ్ఞానపు చీకటి అనడం అన్యాయం. గుడి బయట నిలబెట్టబడిన మనిషి తనకు తానుగా సాగించిన అన్వేషణ అది.

ఆ రోజుల్లోనే ఒంగోలు పట్టణంలోని పై కులాలవారు కొందరు క్లౌ వద్దకు వస్తున్నారు, పిల్లలను బడికి పంపుతున్నారు. మాదిగలను చేర్చుకొంటే తాము రామని వారు స్పష్టంగా చెప్పారు. క్లౌ దంపతులు సందిగ్ధంలో పడ్డారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరూ బైబిలు తెరిచి, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకం నీచమని తృణీకరించినవారినే దేవుడు ఎన్నుకొన్నాడన్న భాగం దగ్గర ఆగారని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. దానిని దైవసంకేతమని ఆయన నమ్మాడు. మనం ఏ పేరుతో పిలిచినా, ఫలితం మాత్రం చరిత్ర: మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాలవారు బయటికి వెళ్లారు. బందరులో చెల్లించని మూల్యాన్ని ఒంగోలు చెల్లించింది.

ఆ మూల్యంలో పెద్ద వాటా మాత్రం మిషనరీది కాదు, పల్లెలది. సంఘంలో చేరేవారికి క్లౌ ప్రధానంగా మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చూడడానికి ఇవి మతనియమాలు. కాని ఆనాటి గ్రామ ఆర్థికవ్యవస్థలో పెట్టి చూస్తే ప్రతి ఒక్కటీ ఒక తిరుగుబాటే. మాదిగ ఊరికి చెప్పులు కుట్టాలి, కపిలకు తోలు బాన కట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడల్లా వెట్టికి రావాలి. దీనికి ప్రతిఫలంగా కళ్లంలో నాలుగు గింజలూ, చచ్చిన గొడ్డూ. ఆ గొడ్డు మాంసం వద్దన్నవాడు కూలిలో ఒక భాగాన్నే కాదు, ఆ కూలి ఇచ్చే పద్ధతిని కూడా కాదన్నాడు. డప్పు కొట్టనన్నవాడు ఊరి దేవతనే కాక ఊరి పెత్తనాన్ని ధిక్కరించాడు. ఆదివారం రానన్నవాడు తన శరీరం మీద వారంలో ఒక రోజు హక్కు తనదని ప్రకటించాడు. పెత్తందార్లకు ఇది వెంటనే అర్థమయింది. బావి నీళ్లు బంద్ చేశారు, చాకలినీ మంగలినీ రానివ్వలేదు, దొంగతనం కేసులు పెట్టించారు. చర్చి పుస్తకాలు దీనిని విశ్వాసులకు వచ్చిన శ్రమలని రాశాయి. మనం దీనిని శ్రామికుల నిరాకరణ అని కూడా చదవాలి.

ఇక గంజి వాదం. 1876–78 మహాక్షామం మద్రాసు రాజధానిని దహించింది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పని చేసినవాడు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుగా తీసికొన్నాడు. రాజుపాలెం దగ్గర విడిది వేసి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన మాదిగను అంటరాడని తరిమే మేస్త్రీ అక్కడ లేడు. ఇక్కడ ఆయన చేసినది దానం కాదు, కూలి. దాని వెంట బోధకుల బోధ వుంది, నిజమే. కాని కరవు నడిచిన దాదాపు 15 నెలలపాటు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఇవ్వలేదు. పనులు ఆగిపోయి, ఇక మిషను చేతిలో కూలి లేదని తెలిసిన తరువాతనే జనం తరలివచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకొన్నారు. గంజి కోసమే మారారనేవారు ఈ కాలక్రమానికి సమాధానం చెప్పాలి. ఆ జనం గుర్తుపెట్టుకొన్నది గంజిని కాదనీ, కాలువగట్టు మీద తమను మనుషులుగా చూసిన తీరుననీ అనుకోవడమే న్యాయంగా తోస్తుంది.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే మనమూ ఒక జీవితచరిత్ర రాసినవాళ్లమవుతాం. మిషను చేయలేకపోయిన పనులు చేసిన పనులంత ముఖ్యమైనవి. మొదటిది భూమి. పల్లెకు బడి వచ్చింది, అక్షరం వచ్చింది, కలెక్టరు దగ్గర అర్జీ పెట్టే ధైర్యం వచ్చింది. సేద్యపు భూమి చాలామందికి రాలేదు. ఆదివారం దేవుడి బిడ్డ అయినవాడు సోమవారం మళ్లీ అదే ఆసామి చేలో కూలి. రెండవది కులం. 18వ శతాబ్దంలోనే గుంటూరు ప్రాంతంలో కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు రోమన్ కాథలిక్ మతంలో చేరి, కులాన్ని వెంట తీసికొని వెళ్లాయి. తరువాత వచ్చిన మిషన్లలో ఒకచోట మాలలు, మరొకచోట మాదిగలు ఎక్కువగా చేరారు. దానితో అనేక గ్రామాలలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు మరొక గుడి ఏర్పడ్డాయి. ఇద్దరి బైబిలు ఒక్కటే, కీర్తనలు చాలావరకు ఒక్కటే. పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం లేదు.

ఈ దూరం తెల్లవారికీ భారతీయులకూ మధ్య కూడా వుండేది. 1910లో ఎడిన్‌బరో మహాసభలో దానిని నలుగురి ముందూ చెప్పినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తిరునల్వేలి తమిళుడు. ఆలయప్రవేశం నిరాకరింపబడిన నాడార్ కులంలో పుట్టినవాడు. మీరు మా కోసం ఆస్తినీ, ప్రాణాన్నీ ధారపోశారు, కాని మాతో స్నేహం చేయలేదన్నది ఆయన అభియోగ సారాంశం. మిషనరీలు తమ భారతీయ సహోద్యోగులను ఇంటికి పిలిచి భోజనం పెట్టడం ఎంత అరుదో ఆ సభలోనే ఎత్తిచూపాడు. సభలో చాలామందికి ఆ మాట రుచించలేదు. రెండేళ్ల తరువాత, 1912లో, ఆయనే దోర్నకల్ బిషపు అయినాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపు ఆయన. తెలుగు నేర్చి, నైజాం రాజ్యంలోని మాల మాదిగ పల్లెల మధ్య 1945లో మరణించేవరకు పని చేశాడు. దోర్నకల్‌లో 1939లో ప్రారంభమైన ప్రార్థనాలయాన్ని మన శిల్పరీతులతో కట్టించడం కూడా ఆ అభియోగానికి కొనసాగింపే. ఇంట్లోకి రానిస్తే సరిపోదు, ఇంటి రూపంలో కూడా వచ్చినవాడి చేయి కనిపించాలి.

మన సాహిత్యంలో ఈ చరిత్ర మొత్తానికి సాక్షి గుర్రం జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. పేదరికమూ, కులమత భేదమూ తనకు గురువులని చెప్పుకొన్న కవి ఆయన. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోకి పోలేని అరుంధతీసుతుడు గబ్బిలం చేత కాశీ విశ్వేశ్వరుడికి సందేశం పంపుతాడు. క్రైస్తవ కవి శివుడికి మొర పెట్టడమేమిటని కొందరు ఆశ్చర్యపడ్డారు. ఆశ్చర్యానికి తావు లేదు. మతం మారినా ఊరు మారలేదు, ఊరి బావి మారలేదు. ఆ ఊరి దేవుడినే నిలదీయక తప్పలేదు. అదే కవి ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ రెండు కావ్యాలనూ విడదీసి చదివే విమర్శ జాషువను సగమే చదివినట్లు.

ఇది గడిచిపోయిన కథ అనుకోవడానికి లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందూమతానికి కట్టింది. 1956లో సిక్కు దళితులకూ, 1990లో బౌద్ధ దళితులకూ ఆ గుర్తింపు విస్తరించింది. క్రైస్తవ దళితులకు విస్తరించలేదు. మన తెలుగు రాష్ట్రాలలో వారు బి.సి. ‘సి’ వర్గంలో వున్నారు. కొత్త మతంలో కూడా వెనకటి బాధలు అదే తీవ్రతతో కొనసాగుతున్నాయని రుజువు కావాలని 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో రంగనాథ మిశ్రా కమిషను మతంతో ఆ ముడి తెంచమని సిఫారసు చేసినా అది అమలుకు రాలేదు. ఈ చట్టం సంఘాలను ఒక చిక్కులో పడవేసింది. మాలో కులం లేదంటే తమ బీదజనుల హక్కు పోతుంది. వుందంటే తమ ధర్మం ఓడిందని ఒప్పుకోవాలి. ఈ రెండవ మాట చెప్పగల ధైర్యమే నేటి క్రైస్తవ కరుణకు మొదటి మెట్టు. కర్నూలు ప్రాంతపు దళిత కుటుంబం నుంచి వచ్చిన పూల ఆంథోని 2022లో కార్డినల్ కావడం సంతోషించదగినదే. దళితులలో తొలి కార్డినల్ ఆయన. ఆ తొలి మాటకు ఇన్ని తరాలు పట్టిందన్నదీ గమనించవలసినదే. పైగా పీఠం మీద ఒకరు కూర్చోవడం ఒక సంగతి, పల్లెలో పెళ్లి పంక్తి కలవడం మరొక సంగతి.

కనుక ఈ చరిత్ర రాయవలసిన చోటు మారాలి. ఇంతవరకు అది ఎక్కువగా మిషను బంగళాల నివేదికల నుంచి రాయబడింది. తాళ్లకొండపాడు వంటి పల్లెలలో సంఘపు రిజిస్టర్లు వున్నచోట వాటిని చూడాలి. చచ్చిన గొడ్డును మొదట వద్దన్న ఇల్లు ఏది, డప్పు దించిన మనిషి ఎవరు, బావి మూసినప్పుడు నీళ్లు ఎక్కడినుంచి మోశారు అని ముసలివాళ్లను అడిగి రాసుకోవాలి. ఏ సంఘంలోనైనా కరుణ ఎంత వుందో తెలుసుకోవడానికి అక్కడి దానాల పద్దు చదివితే చాలదు. మాల ఇంట మాదిగా, మాదిగ ఇంట రెడ్డీ ఎన్నిసార్లు విస్తరి వేసుకొన్నారో, ఎన్ని సంబంధాలు కలుపుకొన్నారో లెక్క తీయాలి.