మిరపకాయ లేని కాలపు బజ్జీ

బయ్యారం పెద్దచెరువు కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. కాకతీయుల వంశక్రమం చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఆ చెరువు శాసనం ఒకటి. కట్ట మీద మట్టి మోసిన కూలీలకు మాత్రం మిర్చి బజ్జీ రుచి తెలిసే వీల్లేదు. మిరపకాయ అప్పటికి సముద్రం దాటి రాలేదు. పల్లీ రాలేదు, ఆలుగడ్డా రాలేదు.

శనగపిండి మాత్రం ఉంది. కాకతీయులు కళ్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్న రోజుల్లో, 1130 ప్రాంతంలో, మూడో సోమేశ్వరుడు రాసిన 'మానసోల్లాసం'లో కూరగాయలు, శనగపిండి కలిపి వేయించే 'పరిక' కనిపిస్తుంది. కానీ అది రాజుగారి వంటిల్లు. బజారు సంగతి కావాలంటే 'క్రీడాభిరామం' అనే పాత తెలుగు కావ్యం చూడాలి. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో రూకకు దొరికే భోజనాన్ని అది నోరూరేలా చెబుతుంది.

16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఓడల్లో వచ్చిన మిరప మెల్లగా మిరియాల చోటు ఆక్రమించింది. ఇప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్ పేరు చెప్తే మిర్చే గుర్తొస్తుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి రంగుకు పెట్టింది పేరు. బజ్జీకి మాత్రం అది కాదు, కారం తక్కువున్న పొడుగు పచ్చికాయ కావాలి. గింజ తీసి, చింతపండు, వాము, ఉప్పు కూరి, పిండిలో ముంచి వేయాలి. ఉల్లిగడ్డ పకోడీది వేరే పద్ధతి. ఉప్పు వేసి పిసికితే ఉల్లిగడ్డే నీరు వదులుతుంది, పిండికి ఆ తడి చాలు. చెంబుతో నీళ్లు పోసేవాళ్ల పకోడీ మెత్తబడక ఏమవుతుంది? గుప్పెడు బియ్యప్పిండి కలిపితే కరకర ఇంకాసేపు నిలుస్తుంది.

అయితే పకోడీని వీధికెక్కించింది మిరప కాదు, నూనె అని నా అభిప్రాయం. నువ్వుల నూనెతో మూకుడు నింపడం మామూలు ఇళ్లలో పండగనాటి మాట. దక్షిణ అమెరికా పంట పల్లీ దక్కన్ చేలల్లో విస్తరించాక నూనె అందుబాటులోకి వచ్చింది. నిజాం రైలు 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. ఇల్లెందులో బొగ్గు గనులు వెలిశాయి. చేతిలో కూలి డబ్బులు, రైలు కోసం నిరీక్షణ, సాయంత్రపు ఆకలి: బండివాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈమధ్య పల్లి నూనె ధర చూసి చాలా బండ్లు పామాయిల్‌కు మారాయి. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే దిగుతోంది. కొంత మాత్రం అశ్వారావుపేట మిల్లులో ఆడుతున్నారు.