పిఠాపురం సీమలో బోదకాలు

ఏలేరు పల్లంలో, ఉప్పాడ తీరానికి కొద్ది మైళ్ల లోపల ఉన్న పిఠాపురం సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనంలో పిష్టపురంగానూ, కుక్కుటేశ్వరాలయానికి పితృకర్మల కోసం వచ్చే యాత్రికులకు పాదగయగానూ, తెలుగు సారస్వతానికి సూర్యరాయాంధ్ర నిఘంటువును వెలువరింపజేసిన సంస్థానంగానూ ప్రసిద్ధం. ఈ ఊరికీ, దీని పక్కనే పరుచుకున్న గోదావరి డెల్టాకూ ఉమ్మడిగా మరొక చరిత్ర ఉంది. అది ఏ శాసనానికీ ఎక్కలేదు గాని, తరతరాలుగా కూలివాళ్ల కాళ్ల మీద, పెళ్లి సంబంధం తప్పిపోయిన ఆడపిల్లల జీవితాల మీద రాసి ఉంది. తీరాంధ్రలో బోదకాలు అనీ, ఆసుపత్రి భాషలో ఫైలేరియా అనీ పిలిచే వ్యాధి చరిత్ర అది.

ఈ జబ్బు హఠాత్తుగా వచ్చిపడేది కాదు. ముందు చలితో కూడిన జ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది, కాలి వెంట ఎర్రని చార దిగుతుంది, నాలుగైదు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. కొన్ని నెలలకు మళ్లీ అదే జ్వరం, అదే బిళ్ల. ఇలా వచ్చిన ప్రతిసారీ పాదం మీద కొంత వాపు మిగిలిపోతూ, కొన్నేళ్లకు చర్మం మందమై, మడతలు పడి, కాలు మోయలేనంత బరువవుతుంది. మగవారిలో ఇదే వ్యాధి వృషణాల చుట్టూ నీరు చేరి వరిబీజంగా బయటపడటమూ ఎక్కువే. ఈ పోట్లు అమావాస్యకూ పున్నమికీ వస్తాయన్న నమ్మకం తీరప్రాంతంలో బలంగా ఉండటానికి కారణం, జ్వరం పదేపదే తిరిగి రావడంలో ఏదో ఒక లెక్క ఉండాలని రోగులు వెదుక్కోవడమే కావచ్చు.

ప్రాచీన ఆయుర్వేదం ఈ రోగాన్ని శ్లీపదం అన్నది. జ్వరంతో పాటు వంక్షణంలో, అంటే గజ్జల్లో, పుట్టిన నొప్పితో కూడిన వాపు క్రమంగా పాదానికి దిగుతుందని మాధవనిదానం చేసిన వర్ణన నేటి వైద్యుడు చెప్పే రోగక్రమానికి చాలా దగ్గరగా ఉంటుంది. పాతనీరు నిలిచి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రదేశాల్లో శ్లీపదం విశేషంగా పుడుతుందని కూడా ప్రాచీనులు గుర్తించారు. దోమ పాత్ర తెలియని కాలంలో రోగాన్ని నీటితో, అందులోనూ నిలవ నీటితో, జతపరచిన ఆ పరిశీలన సామాన్యమైనది కాదు. ఏడాది దాటిన వాపునూ, పుట్టలా పెరిగిన కాలునూ అసాధ్యాలుగా ఎంచి వదిలేయమన్న హెచ్చరిక కూడా అంతే నిజాయితీ గలది. తొలి దశలో ఆముదం, గోమూత్రం, ఆవపిండి పట్లు, రక్తమోక్షణం, అంటే కొంత రక్తాన్ని తీసివేయడం, చెప్పారు. తరువాతి గ్రంథాల్లో నిత్యానందరసం వంటి రసౌషధాలు చేరాయి. ఇవి రోగికి కొంత ఉపశమనం ఇచ్చి ఉండవచ్చు గాని, రోగానికి మూలమైన క్రిమి సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. కాలువలే బోదకాలు తెచ్చాయన్న మాట అక్కడక్కడ వినబడుతుంది కాని, అది పూర్తిగా సరైనది కాదు. ఈ వ్యాధిని ఇక్కడ ప్రధానంగా మోసే క్యూలెక్స్ జాతి దోమకు పారే కాలువ నీరు పనికిరాదు, పచ్చని వరిచేను కూడా దానికి ముఖ్యమైన తావు కాదు. దానికి కావలసింది వాడుక నీరు చేరి, కుళ్లి, కదలకుండా నిలిచిన మురుగు. భూగర్భజలం పైపైనే ఉండే పల్లపు నేలలో ఇంకుడు గుంత ఇంకదు, మురుగు కాలువకు వాటం ఉండదు, వానాకాలంలో ఏలేరు పొంగితే ఊళ్లోకి వచ్చిన నీరు త్వరగా దిగదు. పంట పెరిగి, జనం పెరిగి, ఇళ్లు దగ్గరదగ్గరగా లేచిన చోటికి సాగునీరు వచ్చిందే గాని మురుగు పోయే దారి రాలేదు. తప్పు ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంది.

వ్యాధి గుట్టు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ముక్కలు ముక్కలుగా విడింది. 1863లో పారిస్‌లో దెమార్కే వరిబీజపు నీటిలో సూక్ష్మమైన పురుగు పిల్లలను చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ వాటిని మనిషి రక్తంలోనే కనుగొన్నాడు. 1876లో ఆస్ట్రేలియాలో బాన్‌క్రాఫ్ట్ పెద్ద పురుగును పట్టుకున్నాడు. మరుసటి ఏడాది చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్, రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ పిల్లలు ఎదగడం చూసి, ఒక కీటకం మనిషి రోగాన్ని మోయగలదని మొదటిసారి నిరూపించాడు. అయితే దోమ నీటిలో పడి చస్తుందనీ, ఆ నీరు తాగినవారికి రోగం వస్తుందనీ ఆయన భావించాడు. పురుగు పిల్లలు దోమ తొండంలోకి చేరి, కుట్టినప్పుడే మనిషిలోకి దిగుతాయని 1900లో గాని తేలలేదు.

నేడు తెలిసినంతలో క్రమం ఇది. దారంలా సన్నగా ఉండి, ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరిగే పురుగు శోషరస నాళాల్లో, అంటే కణజాలాల మధ్య ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాల్లో, కాపురం పెట్టి అయిదారేళ్లు బతుకుతుంది. అది పుట్టించే లక్షలాది పిల్లలను మైక్రోఫైలేరియాలు అంటారు. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి క్యూలెక్స్ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమలో రెండు వారాల లోపు అవి ఎదిగి, మరొకరిని కుట్టినప్పుడు చర్మం మీదికి జారి, దోమ కుట్టిన రంధ్రం గుండా లోపలికి పాకుతాయి. ఒకటి రెండు కాట్లతో ఈ రోగం రాదు; నెలల తరబడి, ఏళ్ల తరబడి దోమ కాట్లు తినాలి. అందుకే ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారికి కాక, అక్కడే పుట్టి పెరిగినవారికి ఇది అంటుకుంది. పురుగు పెరిగిన నాళాలు సాగి, కవాటాలు చెడి, నీరు కిందనే నిలిచిపోతే కాలు వాస్తుంది. పురుగు చచ్చినా చెడిన నాళం తిరిగి బాగుపడదు.

20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పిఠాపురంలో ఆసుపత్రి నెలకొల్పింది. కెనడా నుంచి వచ్చిన వైద్యురాలు జెస్సీ ఆలిన్ స్త్రీల, శిశువుల వైద్యంలో దీర్ఘకాలం ఇక్కడ సేవ చేశారు. మగ వైద్యుని ముందుకు రాలేని స్త్రీలకు ఆసుపత్రి గడప తొక్కే ధైర్యం ఇచ్చిన సంస్థలు ఇటువంటివే. అయినా ఆనాటి ఏ వైద్యుని చేతిలోనూ శరీరంలోని ఫైలేరియా పురుగును నమ్మకంగా, ప్రమాదం లేకుండా చంపే మందు లేదు. శస్త్రచికిత్సతో వరిబీజాన్ని తొలగించగలిగారు, కాలి విషయంలో మాత్రం చేయగలిగింది స్వల్పం.

ఆ మందు వెదికిన బృందానికి నాయకుడు ఈ డెల్టా బిడ్డే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో శిక్షణ పొంది, ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ అనే తీవ్రమైన పేగు జబ్బు బలిగొన్న దుఃఖం ఆయనను పరిశోధన వైపు నెట్టింది. మామగారి సాయంతోనూ, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోనూ ఆయన బోస్టన్ చేరారు. 1940లో లెడర్లే మందుల సంస్థలో అడుగుపెట్టి, తరువాత పరిశోధనశాఖకు అధిపతి అయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఈ వ్యాధి మీద ఆ దేశంలో హఠాత్తుగా శ్రద్ధ పుట్టింది. పైపరజీన్ వర్గానికి చెందిన రసాయనాలెన్నిటినో పత్తిచేల ఎలుకల మీద పరీక్షించగా, డైఇథైల్ కార్బమజీన్ అనే పదార్థం రక్తంలోని మైక్రోఫైలేరియాలను గంటల వ్యవధిలో తుడిచివేస్తుందని 1947లో ప్రకటించారు. హెట్రజాన్ పేరుతో అది బజారుకు వచ్చింది. వాడుకలో డీఈసీ మాత్ర అంటే ఇదే. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు కన్నుమూశారు. తన మందు తన సీమ పల్లెలకు చేరడం ఆయన చూడలేదు.

మందు దొరికింది కనుక రోగం పోవాలి. పోలేదు, ఎందుకు పోలేదన్నదే ఈ చరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన పాఠం. 1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభించి, పీడిత ప్రాంతాల్లో అందరికీ డీఈసీ ఇవ్వడం, ఇళ్లలో కీటకనాశినులు చల్లడం, మురుగులో నూనె చల్లి దోమ పిల్లలను చంపడం అనే మూడు పనులు తలపెట్టింది. డీఈసీ వేసుకున్నప్పుడు రక్తంలో పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చి, కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు వస్తాయి. జ్వరం వచ్చినవాడు సాధారణంగా ఆ పురుగు మోస్తున్నవాడే. మందు పని చేసిందనడానికి అదే గుర్తు. కాని ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి మాత్ర మింగాక జ్వరం వస్తే, మందే రోగం తెచ్చిందని అనుకోవడం సహజం. జనం మాత్రలు నిరాకరించారు, దోమలు కీటకనాశినులకు లొంగలేదు. 1961లో సమీక్ష జరిపి సామూహిక మాత్రల పంపిణీని మానుకోవలసి వచ్చింది. మందును గురించి నాలుగు మాటలు ముందే విడమరచి చెప్పి ఉంటే ఈ వ్యవహారం ఇంకోలా నడిచేదని భావించడానికి ఆస్కారం ఉంది.

ఆ తరువాత దశాబ్దాల పాటు పని పట్టణాల మురుగుకు, రాత్రి రక్తపరీక్షలకు పరిమితమైంది. ఈ విద్యలో సిబ్బందికి శిక్షణ ఇచ్చిన కేంద్రాల్లో ఒకటి, నేడు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి శాఖగా ఉన్నది, రాజమండ్రిలోనే ఉండటం ఈ సీమకు ఈ వ్యాధితో గల బంధాన్ని చెబుతుంది. మురుగు మీద నూనె ఎందుకంటే, క్యూలెక్స్ పిల్ల నీటి పైపొరకు తలకిందులుగా వేలాడుతూ, తోక వద్ద ఉన్న గొట్టంతో గాలి పీలుస్తుంది. పైన నూనె పొర పరుచుకుంటే ఊపిరాడక చస్తుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది కనుక ఈ పని వారం వారం జరగాలి, ఒక్క వారం తప్పినా కొత్త తరం లేస్తుంది. రక్తపరీక్షకు సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక వీధుల్లోకి వెళ్లి, నిద్రపోతున్నవారిని లేపి, వేలు పొడిచి, మూడు చుక్కలకు సరిపడే రక్తాన్ని గాజుపలక మీద మందంగా పులిమి ఆరబెడతారు. మర్నాడు నీటితో ఎర్రదనం కడిగి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పలచని తొడుగులో మెత్తగా వంపులు తిరిగిన మైక్రోఫైలేరియా, లోపల వరుసగా చుక్కల్లా నిండిన కణకేంద్రకాలతో, తోక చివర మాత్రం ఖాళీగా కనబడుతుంది.

1997లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధిని సమస్యగా లేకుండా చేయాలని తీర్మానించాక, 2004 నుంచి మన దేశంలో ఏటా ఒక్కసారి అందరికీ డీఈసీ ఇవ్వడం మొదలైంది, తరువాత ఆల్బెండజోల్ జతయింది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చి మూడు మందులు ఇస్తున్నారు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవి ఇవ్వరు. మిగిలినవారికి డీఈసీ మోతాదు వయసును బట్టి, ఐవర్‌మెక్టిన్ మోతాదు ఎత్తును బట్టి ఉంటుంది; ఐవర్‌మెక్టిన్ అయిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు. పెద్ద పురుగును ఈ మాత్రలు పూర్తిగా చంపకపోయినా, ఊరంతా వరుసగా కొన్నేళ్లు మింగితే దోమకు అందే పిల్లలు కరవై, గొలుసు తెగుతుంది. కొందరే మింగితే తెగదు.

కాలు ఇప్పటికే వాచినవారిని ఈ కార్యక్రమాలన్నీ చాలాకాలం మరచిపోయాయి. వారికి మాత్ర చేసే మేలు తక్కువ. పదేపదే వచ్చే జ్వరానికీ, పెరిగే వాపుకూ చాలావరకు కారణం, వేళ్ల సందుల్లో ఒరిసిన పుండ్ల గుండా చొరబడే సాధారణ సూక్ష్మజీవులేనని తేలాక చికిత్స ఇంటికి వచ్చింది. రోజూ సబ్బుతో, శుభ్రమైన నీటితో పాదం మీద, మడతల్లో, వేళ్ల మధ్య మెత్తగా కడగాలి. రుద్దకుండా అద్ది, మడతల్లో తడి లేకుండా ఆరబెట్టాలి. ఒరిసిన చోట వైద్యుడు చెప్పిన మందు రాయాలి. కూర్చున్నా పడుకున్నా కాలు ఎత్తులో పెట్టాలి. మడమ పైకీ కిందికీ ఆడించాలి. చెప్పు లేకుండా పొలంలోకి దిగకూడదు. వరిబీజానికి శస్త్రచికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరుగుతుంది, సిగ్గుపడి ఏళ్ల తరబడి దాచుకోనక్కరలేదు.

దేశం నుంచి ఈ వ్యాధిని 2027 నాటికి తొలగించాలని కేంద్రప్రభుత్వం గడువు పెట్టుకుంది. పిఠాపురం వంటి పల్లపు పట్టణాల్లో మురుగు కాలువకు వాటం కల్పించే పని పురపాలకులది. మాత్రలు తెచ్చిన ఆశా కార్యకర్త ఎదుటనే, కడుపులో ఆహారం ఉన్నప్పుడు, వాటిని మింగే పని ఇంటిల్లిపాదిది. సాయంత్రానికి ఎవరికైనా జ్వరం తగిలితే, మాత్ర చెడ్డదని పొరుగువారికి చెప్పకుండా, ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకోవాలి.