చక్కెరగిన్నెపై వ్రాఁత

ఒక సరకు వెనుక నెందఱి కష్టము దాఁగియున్నదో లెక్కింపవచ్చునా? 1791లో ఇంగ్లండున విలియం ఫాక్సు అను నాతఁడు లెక్కించి యొక కరపత్రమును వెలువరించెను. వెస్టిండీసు దీవుల చెఱకుతోటలలో పాటుపడువారు ఆఫ్రికానుండి తేఁబడిన బానిసలు, వారి సంతతివారు. వారమునకు 5 పౌనుల చక్కెర వాడు కుటుంబము దానిని, దానితోఁబాటు రమ్ము సారాయిని, 21 మాసములు మానినచో నొక మనుష్యునకు దాస్యమో మరణమో తప్పునని యాతని గణితము. ఈ లెక్కకు గణితజ్ఞులు తలయూఁపకపోవచ్చును. గృహిణులు మాత్రము తలయూఁచిరి. దాదాపు 3,00,000 మంది చక్కెర విడిచిరని దాస్యనిర్మూలనమునకు పాటుపడిన క్లార్క్సను అంచనా.

పిమ్మట 1820ల ప్రాంతమున, తూర్పిండియా చక్కెర బానిసలు చేసినది కాదని వ్రాసిన గిన్నెలు అచటి యిండ్లలో వెలసినవి. మన చెఱకుపొలములలోని పాలేరు స్థితి నరయకయే యా వ్రాఁత వ్రాసిరని నా యభిప్రాయము. ఏలయన, 1833 నాఁటి విమోచనశాసనము కుంఫిణీ యేలుబడిలోని భూములకు వర్తింపలేదు. బానిసలపై యజమానుల హక్కును న్యాయస్థానములు చెల్లింపరాదన్న చట్టము మన దేశమునకు 1843లో గాని రాలేదు.