నల్గొండ పద్ధతి

తాగునీటిలో హద్దు మీరిన ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి తగ్గించే ప్రక్రియను నల్గొండ పద్ధతి అంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దీన్ని రూపొందించింది. క్షేత్రస్థాయి ప్రయోగాలకు నల్గొండ జిల్లాను ఎంచుకోవడంతో ఆ పేరే స్థిరపడింది. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల నీటి ఇంజనీర్లు కూడా దీన్ని ఇదే పేరుతో వ్యవహరిస్తారు.

పద్ధతి పుట్టిన సంవత్సరం విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొన్ని గ్రంథాలు 1961 అనీ, ఎక్కువ గ్రంథాలు 1974 లేదా 1975 అనీ చెబుతాయి. 1961లో నీరి అనే పేరు లేదు. 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా ఏర్పడినదే 1974లో పేరు మార్చుకుని నీరి అయింది. ఫ్లోరైడ్ తొలగింపు మీద పరిశోధన 1960ల తొలినాళ్లలోనే మొదలై ఉండవచ్చు. పటిక, సున్నం కలిపే నేటి రూపాన్ని వివరిస్తూ నవలఖే, బులుసు తదితరులు వ్యాసం ప్రచురించింది మాత్రం 1975లో. పద్ధతికి ఆ ఏడాదినే ప్రమాణంగా తీసుకోవడం సబబు.

వ్యాధి నేపథ్యం

ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని తెలుగు నేలలో మొదట పసిగట్టింది రైతులని చెబుతారు. నాటి నెల్లూరు జిల్లాలో కాడెద్దులు కీళ్లు బిగుసుకుపోయి, కుంటుతూ నాగలికి పనికిరాకుండా పోతున్నాయని 1930లలో గమనించారు. పశువుల్లో వ్యాధి కనిపించిన ఏడాదిని 1935గా పలువురు రాస్తున్నారు. మనుషుల విషయంలో సందేహం లేదు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ తన సహచరులతో కలిసి 1937లో వెలువరించిన వ్యాసాలే తొలి శాస్త్రీయ వివరణ. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లాయి. అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. కాబట్టి ‘నెల్లూరు ఫ్లోరోసిస్’ అని పాత పుస్తకాల్లో కనిపించేది చాలావరకు ఆ ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతపు కథ.

నల్గొండలో వ్యాధిని ఎప్పుడు గుర్తించారన్నదానికి రెండు తేదీలున్నాయి. మర్రిగూడ మండలం బట్లపల్లిలో 1945లోనే బయటపడిందని స్థానికంగా చెప్పుకుంటారు. వైద్య సాహిత్యంలో ఎక్కువగా ఉదహరించేది సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసాన్ని. రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిది వ్యాధి కంటపడిన కాలమైతే, రెండోది ఎక్స్‌రేలతో, నీటి పరీక్షలతో నిర్ధారించిన కాలం.

వ్యాధి మొదట పళ్ల మీద కనిపిస్తుంది. పింగాణీ పొర ఏర్పడే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, పిల్లలు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు తాగితే పంటి మీద సుద్దలాంటి తెల్లని మచ్చలు, ఆ తర్వాత పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఊళ్లలో గారపళ్లు అనేది వీటినే. ఎంత తోమినా పోవు, ఎందుకంటే రంగు పై పూత కాదు, పొరలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. మెడ తిప్పలేకపోవడం, నడుము వంగకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర గట్టిపడి ఎముకలా మారడం ఎక్స్‌రేలో వైద్యులు ముందుగా వెతికే గుర్తు. చివరి దశలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి.

నల్గొండలో దీనికి మరో రూపం తోడైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఇక్కడి కౌమార వయస్కుల గురించి రాశారు. వాళ్ల మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని, పాదాలు దూరంగా ఉండిపోతున్నాయి. ఎముకలు గట్టిపడటానికి బదులు గుల్లబారుతున్నాయి. దీనికి కారణం మీద రెండు వాదాలున్నాయి. నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజల మట్టం పెరిగి నేల క్షారంగా మారిందనీ, జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి ఒంట్లోని రాగిని తగ్గించిందనీ ఒక వాదం. అనిల్ అగర్వాల్ 1975లో న్యూ సైంటిస్ట్‌లో రాసిన కథనంతో ఇది లోకమంతా తెలిసింది. ఆహారంలో కాల్షియం చాలని పిల్లల్లో ఫ్లోరైడ్ ఈ రూపం దాలుస్తుందన్నది రెండో వాదం. ఆనకట్ట కథ ఆకట్టుకునేదే. కానీ సాగర్‌కు ఆమడల దూరంలో ఉన్న ప్రాంతాల్లోనూ ఇలాంటి వంకర కాళ్లు కనిపించినందువల్ల కాల్షియం వాదానికే ఎక్కువ బలం ఉంది.

రాయి, నీరు

ఇక్కడి నీటిలోకి ఫ్లోరైడ్ వచ్చేది రాతి నుంచి. నల్గొండ గ్రానైట్‌లో ఫ్లోరిన్ సగటున కిలోకు 1,440 మిల్లీగ్రాములని 1993లో ప్రచురితమైన ఒక భూరసాయన పరిశీలన లెక్క. గ్రానైట్‌కు ప్రపంచ సగటు సుమారు 810. అదే పరిశీలన జిల్లా భూగర్భజలాల్లో లీటరుకు 0.4 నుంచి 20 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ నమోదు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 1.5. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 దాటకపోవడం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీటిలోకి దిగదు. నీటిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున చేరిపోతుంది. ఇక్కడి రాళ్లలో, నేలల్లో కాల్షియం తక్కువ, నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ. పైగా వాన తక్కువ, ఎండ తీవ్రం. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతి పగుళ్లలో మరిన్ని ఏళ్లు నిలిచి ఉంటుంది. 1960ల చివరి కరవుల తర్వాత గట్టి రాతిని తొలిచే యంత్రాలొచ్చాయి. ఆ వెనుక చేతిపంపులు ఊరూరా పాతుకున్నాయి. దిగుడుబావుల నీటితో వచ్చే కలరా, అతిసారం తగ్గాయి, ఫ్లోరైడ్ ముప్పు పెరిగింది. తేటగా, చల్లగా వచ్చే బోరునీటిని జనం మంచినీళ్లని నమ్మడం సహజమే, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. కాచినా అది పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ప్రక్రియ

నీటిలో పటిక వేస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లని తరకలుగా ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ ఆ తరకలకు అంటుకుని వాటితోపాటు అడుగుకు చేరుతుంది. పటిక నీటిలోని క్షారతను తినేసి ఆమ్లతను పెంచుతుంది గనుక, దాన్ని సరిచేయడానికీ తరకలు బాగా కట్టడానికీ సున్నం వేస్తారు. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు ఉంటే చాలు. క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడరు కలుపుతారు.

ఇంటివాడకానికి నీరి సూచించిన ఏర్పాటు ఒక నలభై లీటర్ల బకెట్. దాని కుళాయిని అట్టడుగున కాక కొన్ని అంగుళాల ఎత్తులో బిగించాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి మొదట ఒక నిమిషం వేగంగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. వేగం తగ్గకపోతే అప్పుడే కట్టిన తరకలు విరిగిపోతాయి. గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లని మడ్డి దిగుతుంది, పైన తేటనీటిని కుళాయి నుంచి పట్టుకోవచ్చు. పటిక మోతాదు ఫ్లోరైడ్ మీదే కాక నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 5 మిల్లీగ్రాములున్న నీటికి లీటరుకు సుమారు అర గ్రాము పటిక పడుతుంది. ఆ లెక్కన బకెట్‌కు 20 గ్రాముల పటిక, ఒక గ్రాము సున్నం. కరిగిన లవణాలు లీటరుకు 1,500 మిల్లీగ్రాములు మించితే ఈ పద్ధతి పనికిరాదు. పటికలోని సల్ఫేట్ అప్పటికే ఉన్న ఉప్పదనానికి తోడవుతుంది.

ఊరంతటికీ కట్టిన తొలి ప్లాంటు ఎక్కడిదన్న విషయంలో ఒక పొరపాటు చాలా పుస్తకాల్లోకి పాకింది. అది నల్గొండ జిల్లా ‘కత్రి’ పట్టణంలో ఉందని కొన్ని అంతర్జాతీయ నివేదికలు రాశాయి. రోజుకు 2,270 ఘనమీటర్ల సామర్థ్యంతో కట్టిన ప్లాంటును భారతీయ సాంకేతిక వ్యాసాలు నాటి అనంతపురం జిల్లా కదిరిలో చూపుతున్నాయి. కదిరి రోమన్ లిపిలో రూపం మారి కత్రి అయి ఉంటుందనీ, పద్ధతి పేరును బట్టి జిల్లాను నల్గొండ అనుకున్నారనీ భావించవచ్చు.

విమర్శలు, ప్రత్యామ్నాయాలు

పద్ధతి గొప్పతనం దాని సరుకుల్లో ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. బలహీనత నిర్వహణలో ఉంది. ఎండాకాలంలో బోరు అడుగంటితే ఫ్లోరైడ్, క్షారత రెండూ మారతాయి, వాటితోపాటు మోతాదూ మారాలి. ప్రతిసారీ పరీక్షించి తూచే మనిషి పంచాయతీకి ఉండరు. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఫ్లోరైడ్‌లో మూడోవంతు కన్నా తక్కువే మడ్డిగా దిగుతుందనీ, మిగిలింది అల్యూమినియంతో కలిసి నీటిలోనే ఉంటుందనీ 2006లో ఒక సమీక్ష విమర్శించింది. మోతాదు, ఆమ్లత సరిగా ఉంటే పరిస్థితి అంత తీవ్రం కాదనేవారూ ఉన్నారు. మడ్డిని ఎక్కడ పారబోయాలన్న ప్రశ్నకు మాత్రం తృప్తికరమైన జవాబు రాలేదు. వానకు అది కొట్టుకుపోయి మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది.

యాక్టివేటెడ్ అల్యూమినా పొరల గుండా నీటిని పంపే విధానం ఇంకొకటి. దానికి పటిక తూచే బెడద లేదు గానీ, పొర నిండినప్పుడల్లా క్షారంతో, ఆమ్లంతో కడగాలి. తూర్పు ఆఫ్రికాలో ఎముకల బొగ్గు వాడతారు, మన ఊళ్లలో దానికి ఒప్పుకోలు దొరకడం కష్టం. ఆర్‌ఓ ప్లాంట్లు నేడు ఊరూరా ఉన్నాయి. అవి ఫ్లోరైడ్‌తోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తాయి. కాల్షియం కరవుతోనే కాళ్లు వంగిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. తోసేసిన చిక్కటి నీరు మురుగు కాలువలోకే పోతుంది.

నీరి తర్వాతి ప్రయత్నం పటికను పక్కనపెట్టింది. అల్యూమినియం పలకల మధ్య విద్యుత్తు పంపి, తరకలు నీటిలోనే పుట్టేలా చేసే విధానం అది. కరెంటు సరిగా లేని ఊళ్ల కోసం దాన్ని సౌరఫలకలతో నడిపారు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లో ఇలాంటి ప్లాంటు పెట్టారు. సల్ఫేట్ తోడవకపోవడం, మడ్డి తగ్గడం దీని లాభాలు. పలకలు అరిగినప్పుడు మార్చడం తప్పదు.

చింతపండు మీద జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశీలన ప్రత్యేకంగా చెప్పదగినది. ఖండారే బృందం 2002లో ప్రచురించిన దాని ప్రకారం, మధ్యాహ్న భోజనంలో రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు తిన్న బాలుర మూత్రంలో రోజుకు 4.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ బయటికి పోయింది. తినని వారిలో అది 3.5. పరిశీలనలో పాల్గొన్నవారు ఇరవై మందే, వ్యవధీ తక్కువే. అందువల్ల దీన్ని చికిత్స అనలేం, పప్పుచారు మానొద్దని చెప్పడానికి చాలినంత ఆధారమే.

నదీజలాల రాక

శుద్ధి యంత్రాల కన్నా నదీజలాలే కావాలన్నది నల్గొండ ప్రజల దీర్ఘకాలపు డిమాండ్. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది చట్ట సవరణతో లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల గోడు దేశమంతా విన్నది ఆ బ్యాలెట్ పుస్తకం వల్లే.

ఇంటింటికీ కుళాయి నీరిచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ పథకాన్ని ప్రారంభించారు. కృష్ణా, గోదావరి నీరు శుద్ధి అయి ఇళ్లకు చేరడంతో, తెలంగాణలో ఫ్లోరైడ్ నీరే దిక్కైన ఆవాసాలు 2020 నాటికి అధికారిక లెక్కల్లో సున్నాకు వచ్చాయి. నాలుగు దశాబ్దాల రసాయన ప్రయోగాలు చేయలేనిది కుళాయి చేసింది. అయితే ఆ సున్నా ఇంటికొచ్చే నీటికే వర్తిస్తుంది, నేలలోని నీటికి కాదు. పైపు పగిలిన వారం, సరఫరా ఆగిన రోజు మళ్లీ బోరే దిక్కు. నల్గొండకు గురుత్వంతో కృష్ణా నీరు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి, ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. ప్రకాశం పశ్చిమ ప్రాంతం ఆశలు వెలిగొండ ప్రాజెక్టు మీద ఉన్నాయి.

ఎముకలో గట్టిపడిన ఫ్లోరైడ్‌ను వెనక్కి తీసే మందు లేదు. అందువల్ల ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో, గర్భిణులున్న ఇంట్లో పరీక్షించని బోరునీటిని తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికి కూడా వాడకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఫ్లోరైడ్ పరీక్ష చేస్తారు. వానకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి నమూనా ఇవ్వాలి.