జహీరాబాద్ ఫ్యాక్టరీ: నాలుగు సిలిండర్ల నుంచి ఒక్కదానికి

సిలిండర్లు ఎక్కువుంటే బండి మంచిదేనా? జవాబు కోసం మన జహీరాబాద్ దాకా వెళ్తే చాలు.

1980ల్లో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేసిన నాలుగు సంస్థల్లో మన హైదరాబాద్ ఆల్విన్ ఒకటి. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి, క్యాబ్‌స్టార్ తయారుచేసింది. తమాషా ఏంటంటే, బండి మనదైనా మనోళ్ల నోట్లో నిలిచిపోయిన పేరు మాత్రం పోటీ కంపెనీది: ‘డీసీఎం’!

క్యాబ్‌స్టార్‌ది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఫోర్ స్ట్రోక్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే తోస్తుంది. నాలుగుంటే ప్రతి అర చుట్టుకీ ఒక తోపు పడుతుంది. అందుకే లోడుతో హైవే ఎక్కినా లాగుడు తెగదు, వణుకూ తక్కువే.

తర్వాత ఫ్యాక్టరీ మహీంద్రా చేతికొచ్చింది. 2015లో అక్కడి నుంచే జీతో వచ్చింది. దాని డీజిల్ ఇంజిన్‌లో ఒక్కటే సిలిండర్, 625 సీసీ. వణుకుతుంది, డగడగమంటుంది. కానీ ఒకే పిస్టన్ కాబట్టి రాపిడి తక్కువ, రిపేరు తక్కువ, తాగే డీజిలూ తక్కువ. కూరగాయలు, నీళ్ల క్యాన్లు వేసుకుని గల్లీల్లో తిరిగేవాడికి సాయంత్రం జేబులో మిగిలిందే లెక్క కదా! ఇంకో మూడు సిలిండర్లు తగిలిస్తే, ఆ బరువుకీ రాపిడికీ రోజూ వాడే డీజిల్ పోయాలి.

అదే జీతోని నిండా నింపి ముంబై హైవే ఎక్కించారనుకోండి, వెనక లారీవాళ్లు హారన్ కొడుతూనే ఉంటారు.