మీటల వెనుక మనుషులు

బోనాల రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా నడిచేవారికి డప్పు మోత వినబడుతుంది. డప్పు కొట్టే మనిషి మాత్రం అన్నిచోట్లా కనబడడు. లారీ మీద స్పీకర్ పెట్టెలు, వాటి ముందు ఒక కీబోర్డో రబ్బరు పలకల పాడో, దాని వెనుక ఒక కుర్రవాడు. చర్మాన్ని మంటకు కాచే పని లేదు, భుజాన మోసే పని లేదు.

ఇది చూసి సంగీతం చచ్చిపోయిందనే పండితులు ఉన్నారు. ఈ ఏడుపు పాతదే. 1842లో పారిస్‌లో డెబెన్ పేటెంటు పొందిన హార్మోనియం మన దేశానికి వచ్చి, నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదే పెట్టెగా మారి, మన పద్యనాటకానికి ప్రాణమైంది. అది గమకం పలకదనీ, పరాయిదనీ 1940 మార్చిలో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. టాగోరు అంతటివాడు ఆ నిషేధాన్ని సమర్థించాడు. 1971 దాకా అది సడలలేదు. మరి ఆ ముప్పై ఏళ్ళలో భజన మందిరంలోగాని, నాటక రంగంమీదగాని ఆ పెట్టె మూగపోయిందా? లేదు. రేడియోకు వాద్యం దొరకలేదు గాని, ప్రజలకు దొరికింది.

కీబోర్డు కథ ఇంతకంటె చిక్కైనది. 1954లో 'నాగిన్' చిత్రంలో పాములవాడి నాగస్వరం క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం నుంచి వచ్చింది. పాములవాడు లేకుండానే దేశమంతా ఆ స్వరానికి ఊగింది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న పద్ధతికి యమహా కంపెనీ లైసెన్సు తీసుకుని, 1983లో డి.ఎక్స్.7 కీబోర్డుగా అమ్మింది. విశ్వవిద్యాలయంలో పుట్టిన జ్ఞానం వ్యాపారి చేతికి పోవటం మనకు కొత్త కాదు. ఆ ఏడే వేర్వేరు కంపెనీల వాద్యాలు పరస్పరం మాట్లాడుకునే 'మిడి' భాష కూడా వచ్చింది. అందులో మీటమీద వేలు ఎంత గట్టిగా పడిందన్నది కూడా 127 వరకు ఒక అంకె.

ప్రతిధ్వనికీ ఒక చరిత్ర ఉంది. 1947లో చికాగోలో బిల్ పట్నం అనే ఇంజనీరు స్నానాలగదిలో స్పీకరూ మైకూ పెట్టి పాటకు గుయ్యిమనే మోత తెచ్చాడు. 1961 ప్రాంతంలో బెల్ లాబొరేటరీస్‌లో ష్రోడర్ దాన్ని లెక్కగా మార్చాడు: ధ్వనిని కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యంతో, బలం తగ్గిస్తూ, మళ్ళీమళ్ళీ కలిపితే గోడలు లేకుండానే గోడలుంటాయి. 1976లో జర్మనీలోని ఇ.ఎం.టి. సంస్థ దాన్ని యంత్రం చేసి అమ్మింది. ఈనాడు చైతన్యపురి హాస్టల్లో, పదడుగుల గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థి 'హాల్' అనే మీట నొక్కితే వెయ్యిమంది కూర్చునే సభామందిరం అతని చెవుల్లో లేస్తుంది. హాలు అద్దెకు తీసుకోలేనివాడికి ఇది చిన్న విషయమేమీ కాదు.

గమకం సంగతి అంటారా, స్వరాన్ని వంచే చక్రంతో కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలే చేస్తున్నారు. లోపం పెట్టెది అనటం తొందరపాటు.

నన్ను వేధించేది వేరే ప్రశ్న. పెట్టెలోని తబలా, ఢోలు ఏ గాలిలోంచీ పుట్టలేదు. ఒక మనిషి కొట్టగా రికార్డు చేసి, ముక్కలు చేసి, మీటకు కట్టినవి. డప్పు మోతను మన కుర్రవాళ్ళే రికార్డు చేసి పాడ్‌లోకి ఎక్కిస్తారు. నేను తిరగేసిన మాన్యువళ్ళలో ఆ వాద్యకారుల పేరు ఒక్కటీ లేదు. డప్పు మాదిగల వృత్తివాద్యం. చావుకూ జాతరకూ కొట్టించుకుని, కొట్టినవాణ్ణి వాకిట్లోనే నిలబెట్టిన సమాజం మనది. ఆ సమాజానికి ఇప్పుడు డప్పు మోత దొరుకుతోంది, డప్పు మనిషి అక్కరలేదు. ఇంతకంటె అనుకూలమైన యంత్రం భూస్వామ్య సంస్కారానికి మరొకటి ఉంటుందా? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికమీద నడిమధ్య నిలిచిన వాద్యమే ఇది.

అయితే ఆ లారీ మీది కుర్రవాణ్ణి శత్రువుగా చూడటం అన్యాయం. నేను పలకరించిన ఇద్దరూ డప్పు ఇళ్ళవారే. తండ్రికి పదిమంది జట్టు కావాలి, కొడుక్కి ఒక్క పాడ్ చాలు. ఆ మిగిలిన తొమ్మిదిమంది ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే వాళ్ళిద్దరూ చెప్పింది ఒకటే జవాబు: అడ్డా కూలి. 2012లో సవరించిన కాపీరైటు చట్టం వాద్యకారుడికి రాయల్టీలో హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఒక్క దెబ్బకు, అర క్షణం మోతకు వర్తిస్తుందా, వర్తిస్తే ఎవరు లెక్కకట్టాలి అన్నది సరూర్‌నగర్ అడ్డా మీద నిలబడ్డవాడి తరఫున మన సంఘాలు ఇంకా అడగలేదు.